పడవ రోడ్డెక్కితే

విజయవాడ నుంచి ఏలూరు వచ్చేవాళ్ళకి హనుమాన్ జంక్షన్ దాటాక కలపర్రు టోల్‌గేటు తగులుతుంది. అది మా పెదపాడు మండలంలోదే. అక్కడ ఓ అరగంట నిలబడితే ఈ ప్రాంతం ఏం చేసుకుని బతుకుతోందో ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక నుంచి ఐసు నీళ్ళు కారుతూ పోయే చేపల లారీలు, తవుడు బస్తాల లారీలు, ఇరుపక్కలా గడ్డి వేలాడుతుంటే వొళ్ళు తెలియని పెళ్ళికూతురిలా నెమ్మదిగా వచ్చే ట్రాక్టర్లు. ఎప్పుడో ఒకసారి, వీటన్నిటి మధ్యా, ఒక పడవ.

పడవ నీళ్ళలో ఉంటే మా వైపు ఎవరూ తలెత్తి చూడరు. రోడ్డు మీద కనిపిస్తే మాత్రం టీ తాగుతున్నవాళ్ళు కూడా గ్లాసు పక్కన పెట్టి చూస్తారు. చేపల చెరువులో మేత వెయ్యడానికి కొనుక్కున్న ఫైబర్ పడవ, ట్రాక్టరు ట్రక్కులో సగం లోపలా సగం బయటా పడుకుని, చివర ఎర్ర గుడ్డ కట్టించుకుని పోతూ ఉంటుంది. దాని వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతూ ఉంటారు.

పోయిన సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు అలాంటి పడవని చూసి, "మావయ్యా, దీన్ని నా కారుకి తగిలించుకుని తీసుకొచ్చేస్తే గంటలో పని. వీళ్ళేంటి పూటంతా లాగుతున్నారు?" అన్నాడు.

నేను వెంటనే ఏమీ అనలేదు. ఎందుకంటే వాడు కారుకి పడవ తగిలించుకుని హైవే మీద వెళ్తుంటే పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి నేను. ఆ రోజు ఏం జరిగిందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ కథ చెప్పాలంటే ముందు మా ఊరి కాలువ వంతెన దగ్గరికి వెళ్ళాలి.

వంతెన ఎక్కుతుంటే

పెదపాడు పల్లపు నేల. ఉత్తరాన హైవే, దక్షిణాన కొల్లేరు. మధ్యలో అంతా వరి, ఇప్పుడైతే వరితో పాటు చేపల చెరువులు. నేల ఎంత చదునుగా ఉంటుందంటే, మా చిన్నప్పుడు సైకిలు తొక్కడం ఆపి దొర్లించాలంటే కాలువ వంతెన ఎక్కి దిగాల్సిందే. మాకు కొండా గుట్టా అన్నీ అదే.

మా పెదనాన్నకి ఎడ్లబండి ఉండేది. కుప్పనూర్పిళ్ళు అయ్యాక ధాన్యం బస్తాలు వేసుకుని మిల్లుకి వెళ్ళేవాడు. 75 కిలోల బస్తాలు. బండిలో బస్తాలు ఎలా పేర్చాలో వేరెవరినీ చెప్పనిచ్చేవాడు కాదు. ఇరుసుకి వెనక ఇన్ని, ముందు ఇన్ని అని తనే దగ్గరుండి వేయించేవాడు. అంతా వేశాక నొగల దగ్గరికి వచ్చి, కాడిని రెండు చేతులతో ఎత్తి చూసేవాడు. మరీ తేలిగ్గా లేస్తే ఒక బస్తా ముందుకి జరిపించేవాడు. ఎత్తలేకపోతే ఒకటి వెనక్కి. "నొగ మీద కాస్త బరువు ఉండాలిరా. ఎక్కువైతే ఎద్దు మెడ పుండవుతుంది. లేకపోతే బండి మన మాట వినదు" అనేవాడు.

పిల్లలం మాకు ఈ లెక్కలెందుకు? బండి కదలగానే పరిగెత్తుకెళ్ళి వెనక ఎక్కి కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళం. బండి వెనక కూర్చోవడంలో ఉన్న సుఖం కారులో లేదు. ఒకరోజు అలా నలుగురం ఎక్కాం. ఆయన చూసుకోలేదు. బండి వంతెన ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కుడులో బరువంతా వెనక్కి వాలింది. ఉన్నట్టుండి నొగలు గాల్లోకి లేచాయి. కాడి పైకి పోయి, ఎడ్ల మెడ కింద కట్టిన తాళ్ళు గొంతుకి బిగుసుకున్నాయి. ఎడమపక్క ఎద్దు నాలుక బయటికొచ్చేసింది. పెదనాన్న ఒక్క ఉదుటున నొగ మీదికి దూకి, తన బరువంతా వేసి వేలాడాడు. "దిగండ్రా వెధవల్లారా!" అని అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మేం దూకాం. బండి ధబ్బున ముందుకి వాలింది. ఎద్దు చాలాసేపు రొప్పింది.

ఆయన మమ్మల్ని కొట్టలేదు. ఎద్దు మెడ నిమురుతూ, "లాగేదానికి బలం ఉంటే చాలదర్రా. వెనకున్నది దాన్ని చంపకుండా ఉండాలి" అన్నాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ మాట యాభై ఏళ్ళ తరవాత టెక్సాస్‌లో పనికొస్తుందని ఎవరనుకుంటారు?

డాలస్‌లో పడవ

మా చెల్లెలి కొడుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీ ఇళ్ళలోనే ఎవరో ఒకరు చెబుతారు. చెల్లెలు కొడుకు దగ్గరే ఉంటోంది. రెండేళ్ళ క్రితం వేసవిలో దాన్ని చూడ్డానికి నేనూ వెళ్ళాను. మావాడు అప్పటికి కొత్తగా ఒక పడవ కొన్నాడు. కొత్తగా అంటే వాడికి కొత్త, పడవ పాతదే. 24 అడుగుల పొడవు, వెనక ఇంజను. ఇంటి ముందు ట్రైలరు మీద ఎక్కించి పెట్టాడు.

"మన కొల్లేటి పుట్టుక ఎక్కడికి పోతుంది మావయ్యా!" అన్నాడు. వాడు పుట్టింది హైదరాబాదులో. అయినా ఆ మాటకి నాకు సంతోషం వేసింది.

అక్కడ పడవ ఉన్నవాళ్ళలో చాలామందికి చెరువు గట్టున ఇల్లుండదు. పడవని ఇంటి దగ్గరో అద్దె చోటులోనో పెట్టుకుంటారు. సెలవు రోజున పెద్ద కారు వెనక తగిలించుకుని వంద కిలోమీటర్లైనా వెళ్తారు. అందుకే అక్కడ తాహో, సబర్బన్, ఎక్స్‌పెడిషన్ లాంటి లారీ అంత కార్లు. మావాడిది తాహో. సరైన సరంజామాతో కొంటే అది 8,000 పౌండ్ల దాకా లాగగలదు, అంటే 3,600 కిలోలు. మా పడవ, ట్రైలరు, పెట్రోలు, సామాను అన్నీ కలిపితే 6,000 పౌండ్లు, అంటే 2,700 కిలోలు. "ఇంకా 2,000 పౌండ్లు మిగులు" అని మావాడు ధీమాగా ఉన్నాడు.

వెళ్ళాల్సింది టెక్సోమా సరస్సుకి. టెక్సాస్‌కీ ఓక్లహోమాకీ మధ్య రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ కట్టి 1944లో నింపిన సరస్సు అది. మన కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. అదీ ఇంచుమించు అంతే ఉంటుంది. తేడా ఏంటంటే మనది దేవుడు తవ్విన గుంట, అడుగున్నర నీళ్ళలో కూడా బతుకుతుంది. వాళ్ళది లోతు.

కారుకి వెనక ఉక్కు బంతి ఒకటి ఉంటుంది. ట్రైలరు ముందు భాగం గిన్నెలా వచ్చి దాని మీద కూర్చుంటుంది. కింద రెండు గొలుసులు, ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేస్తారు. కొక్కెం ఊడితే ట్రైలరు మూతి నేలకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాల్లో పడుతుందట. లైట్లకి ఒక వైరు. మావాడు అన్నీ సరిచూసుకున్నాడు. పిల్లలిద్దరూ, కోడలు, చెల్లెలు వెనక ఎక్కారు. నేను ముందు.

ఒక్కటి మాత్రం ఎవరం చూడలేదు. పిల్లలు ఆడుకునే గాలి ట్యూబు, ఐసు నింపిన రెండు పెద్ద పెట్టెలు, లంగరు, నీళ్ళ క్యాన్లు అన్నీ పడవ వెనకభాగంలో ఉన్నాయి. ఎందుకంటే పడవ ఎక్కడానికి మెట్టు అక్కడే ఉంది. ఎక్కినవాళ్ళు ఎక్కినచోటే దింపేశారు. మా చిన్నప్పుడు బండి వెనక ఎక్కినట్టే.

తోక ఆడించింది

మెకిన్నీ దగ్గర 75వ నంబరు హైవే ఎక్కి ఉత్తరానికి తిరిగాం. మొదట 55 మైళ్ళ మీద వెళ్ళాడు. హాయిగా ఉంది. వెనక పడవ ఉందన్న సంగతే మరిచిపోయాం. అసలు ప్రమాదం అదేనని తరవాత తెలిసింది. అందరూ దాటుకుని పోతుంటే మావాడికి రోషం వచ్చింది. 60, 65, 70. అంటే గంటకి 112 కిలోమీటర్లు.

అప్పుడొక పద్దెనిమిది చక్రాల లారీ మమ్మల్ని దాటింది. ముందు దాని గాలి మమ్మల్ని పక్కకి నెట్టింది. అది ముందుకి పోగానే అదే గాలి లోపలికి లాగింది. మామూలుగా కారైతే ఒకసారి కదిలి ఊరుకుంటుంది. మా వెనక పడవ ఊరుకోలేదు. అద్దంలో చూస్తే కుడివైపు కనిపించింది. మరుక్షణం ఎడమవైపు. మళ్ళీ కుడివైపు, ఈసారి ఇంకా ఎక్కువ. కారు వెనక భాగాన్ని పట్టుకుని ఎవరో ఇటూ అటూ ఈడుస్తున్నట్టుంది. కుక్క తోకని ఆడిస్తుందంటారు. అక్కడ తోకే కుక్కని ఆడించింది.

మావాడి కాలు బ్రేకు మీదికి వెళ్ళడం చూశాను. నాకు కారు నడపడం గురించి వాడికన్నా ఎక్కువేం తెలియదు. కానీ వెనక బరువు తోసుకొస్తున్నప్పుడు ముందున్నదాన్ని ఆపితే ఏమవుతుందో వంతెన దిగే బండి చూసిన ఎవడికైనా తెలుసు. "తొక్కకు! వదిలెయ్, వదిలెయ్!" అని అరిచాను. వాడు యాక్సిలరేటరు మీద కాలు తీసేసి, స్టీరింగు బిగించి తిన్నగా పట్టుకున్నాడు. 65... 60... ఊపు తగ్గింది. 50 దగ్గరికి వచ్చేసరికి పడవ బుద్ధిమంతురాలిలా మళ్ళీ వెనక వచ్చి చేరింది.

మొత్తం పది క్షణాలు ఉంటుందేమో. వెనక సీట్లో పిల్లలకి ఏమీ తెలియలేదు. చెల్లెలికి తెలిసింది. ఏమీ అనకుండా పిల్లల బెల్టులు సరిచేసింది. మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

తరవాతి దారి దగ్గర హైవే దిగి, పెట్రోలు బంకు పక్కన ఖాళీ స్థలంలో ఆపాం. "టైర్లేమో మావయ్యా" అన్నాడు. టైర్లు బానే ఉన్నాయి. నాకు మాత్రం ట్రైలరు నొగ మీదే కళ్ళున్నాయి. వాళ్ళు దాన్ని నాలిక అంటారు. మనకి నొగే. "ఒకసారి దీన్ని విప్పు" అన్నాను. చక్రాలకి అడ్డం పెట్టి, జాకీ మీద నిలిపి, కారుని ముందుకి జరిపాడు. ఇద్దరం చెరోపక్కా పట్టుకుని ఎత్తాం.

లేచింది.

దాదాపు మూడు టన్నుల బండి నొగ ఇద్దరు మనుషుల చేతులకి లేచింది. వాడు నా మొహంలోకి చూశాడు. పెదనాన్న కథ వాడికి అప్పుడే మొదటిసారి చెప్పాను.

పదింట ఒక వంతు

తరవాత మావాడు ఇంజనీరు బుర్ర వాడి కూర్చుని చదివాడు. నాకు చెప్పాడు. అక్కడి లెక్క ఏమిటంటే, ట్రైలరు మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు నొగ మీద ఉండాలి. మా 6,000 పౌండ్లకి 600 నుంచి 900. అంతకన్నా తక్కువైతే బరువు ఇరుసుకి వెనక పడి, ట్రైలరు గోడ గడియారం లోలకంలా తయారవుతుంది. నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ ఏ ఊపు వచ్చినా దానంతటదే చచ్చిపోతుంది. ఒక వేగం దాటాక చావదు, ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. ఆ వేగం ఎంతన్నది బరువు ఎక్కడుందన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే 55లో హాయిగా ఉన్న బండి 70లో మాట వినలేదు.

నొగ మీద మరీ ఎక్కువైనా తప్పే. కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికైపోతాయి. అవే కదా తిప్పేవీ, ఎక్కువగా ఆపేవీ. ఎద్దు మెడ పుండవడమంటే ఇదే.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. 8,000 పౌండ్లు లాగగలదన్నది ఒక లెక్క. కారు తన నెత్తిన ఎంత మోయగలదన్నది ఇంకో లెక్క. అది డ్రైవరు తలుపు తీస్తే కనిపించే చీటీ మీద రాసి ఉంటుంది. మనుషులు, సూట్‌కేసులు, నొగ మీది బరువు అన్నీ ఆ రెండో లెక్కలోకే వస్తాయి. ఆరుగురు ఎక్కి, సామాను పెట్టి, 600 పౌండ్ల నొగ కూడా వేస్తే మొదటి లెక్క మిగులుగానే ఉంటుంది, రెండోది అయిపోతుంది.

బ్రేకుల సంగతీ తమాషాగానే ఉంది. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలరుకి దాని బ్రేకులు దానికి ఉండాలి. పడవ ట్రైలరుని నీళ్ళలోకి దింపుతారు కాబట్టి చాలావాటికి కరెంటు బ్రేకులు పెట్టరు. కారు ఆగగానే ట్రైలరు ముందుకి తోసుకొస్తుంది కదా, ఆ తోపుడే ఒక పిస్టన్‌ని నొక్కి ట్రైలరు బ్రేకులు పడేలా చేస్తుంది. మా ఊళ్ళో వంతెన దిగేటప్పుడు బండి ఎడ్ల మీదికి తోసుకురాకుండా పెదనాన్న దిగి, వెనక నుంచి బండిని పట్టుకుని లాగేవాడు. ఆయన చేసిన పని అక్కడ పిస్టన్ చేస్తోంది. కాకపోతే ఈ బ్రేకు తోపుడు వస్తేనే పడుతుంది. పడవ పక్కలకి ఊగుతున్నప్పుడు దాన్ని ఒక్కదాన్నే పట్టి ఆపడానికి డ్రైవరు చేతిలో ఏమీ ఉండదు.

వేగం లెక్క అన్నిటికన్నా కటువైంది. 60 మైళ్ళ నుంచి 70కి పెరిగితే పెరిగింది పదేగా అనుకుంటాం. ఆపాల్సిన శక్తి మాత్రం మూడో వంతుకి పైగా పెరుగుతుంది. కాలిఫోర్నియాలో ట్రైలరు లాగే ఏ బండీ 55 మైళ్ళు దాటకూడదని చట్టమే ఉంది. అది తెలిశాక, "మిగతా కార్లు నన్ను దాటిపోతే పోనీ" అనడం మావాడికి సులువైంది.

ఆ రోజు బంకు దగ్గర మేం చేసింది మాత్రం ఏ లెక్కా లేని పని. ఐసు పెట్టెల్నీ లంగర్నీ మోసుకెళ్ళి పడవ ముక్కు దగ్గర పెట్టాం. నీళ్ళ క్యాన్లు కూడా అటే. గాలి ట్యూబుని విప్పి కారులో పడేశాం. మళ్ళీ ఇద్దరం నొగ పట్టుకున్నాం. ఈసారి లేవలేదు. ఇంటికి తిరిగొచ్చాక వాడు దానికోసమే ఉండే తూకం కొని పెట్టి చూశాడు. 600 పౌండ్లకి దగ్గరగా ఉంది. పెదనాన్న చేతులు తూకంరాళ్ళే అన్నమాట.

అక్కడి నుంచి 60 దాటకుండా డెనిసన్ చేరాం. లారీలు ఇంకా దాటాయి. పడవ ఒక్కసారి భుజం కదిపి ఊరుకుంది.

రేవు

అక్కడ రేవు అంటే నీళ్ళలోకి దిగే కాంక్రీటు వాలు. కారుని వెనక్కి పోనిచ్చి ట్రైలరుని నీళ్ళలో ముంచితే పడవ తేలుతుంది. వెనక్కి పోనివ్వడం పెద్ద విద్య. స్టీరింగు ఎటు తిప్పితే ట్రైలరు అటుకాక ఇంకోవైపు తిరుగుతుంది. వరసలో ఉన్నవాళ్ళంతా చూస్తూ ఉంటారు. దూర ప్రయాణం చేసిన చక్రాల బేరింగులు వేడిగా ఉంటాయి. వెంటనే చల్లటి నీళ్ళలో ముంచితే నీటిని లోపలికి పీల్చుకుని పాడవుతాయని ఓ పదిహేను నిమిషాలు ఆగాం. లైట్ల వైరు పీకేశాం. ఇంతలో పక్కనున్న తెల్ల పెద్దాయన మా పడవ వెనక వేలు పెట్టి ఏదో చూపించాడు. అడుగున నీళ్ళు పోవడానికి ఉండే బిరడా పెట్టడం మరిచిపోయాం! అలాగే దింపి ఉంటే ఎండలో తిరిగొచ్చిన పడవ నీళ్ళలో మునిగేది. కొల్లేట్లో తాటిదోనె వేసేవాళ్ళకి ఈ గొడవ లేదు. దోనెలోకి నీరు ఊరుతూనే ఉంటుంది, వాళ్ళు తోడి పోస్తూనే ఉంటారు.

పడవ నీళ్ళలో పడ్డాక చెల్లెలు తన మొదటి మాట మాట్లాడింది. "పెదనాన్న ఉంటే ఇవాళ మిమ్మల్ని ఇద్దర్నీ కొట్టేవాడు."

మళ్ళీ పెదపాడు

ఇదంతా గుర్తుండబట్టే, సంక్రాంతికి వచ్చి "నా కారుకి తగిలించుకుని తీసుకొచ్చేస్తా" అంటే నేను మాట్లాడలేదు. మావాడు మా ఊరి దక్షిణాన చేపల చెరువులో వాటా తీసుకున్నాడు. దానికి ఒక ఫైబర్ పడవ కావాలి. తీరం వైపు ఒక ఊళ్ళో తయారుగా ఉంది. ఊళ్ళో వెల్డింగు షాపులో ట్రైలరు చేయించి, అద్దెకి తీసుకున్న పెద్ద కారుకి తగిలిద్దామని వాడి ఆలోచన.

రెండు రోజులు వాణ్ణి కలపర్రు దగ్గర టీ కొట్టుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. అంతే, ఇంకేం చెప్పలేదు. వాడే చూశాడు. 100 మీద వచ్చే కార్లు. వాటి ముందే 20 మీద పోయే ట్రాక్టర్లు. ఎదురుగా తప్పు వైపు వచ్చే మోటారు సైకిళ్ళు. డివైడర్ సందులోంచి నడుచుకొచ్చే గేదెలు. టోల్‌గేటు దగ్గర ఉన్నట్టుండి వరస మార్చే లారీలు. "మావయ్యా, ఇక్కడ బ్రేకు తొక్కకుండా ఎలా?" అన్నాడు. నేను చెప్పాలనుకున్నది అదే. టెక్సాస్‌లో మమ్మల్ని కాపాడింది ముందు ఖాళీగా ఉన్న రోడ్డు. కాలు తీసి, తిన్నగా పట్టుకుని, నెమ్మదించడానికి చోటు దొరికింది. ఇక్కడ ఆ పది క్షణాలు ఎవరిస్తారు?

పైగా ట్రైలరంటే మన చట్టంలో అదీ ఒక బండే. దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. వెల్డింగు షాపులో చేయించి తగిలించేస్తే, జరగరానిది జరిగిననాడు బీమా వాళ్ళు మొదట అడిగేది ఆ కాగితమే.

ఇక్కడ పడవలు లాగడం కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడది 1855లో పూర్తయ్యాక ఏలూరు కాలువ అటు గోదావరినీ ఇటు కృష్ణనీ కలిపింది. ఆ కాలువలో సరుకు పడవలు నడిచిన రోజుల్లో గాలి లేకపోతే మనుషులే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. తాడుని పడవ ముక్కుకి కాకుండా పైన స్తంభానికి కట్టేవాళ్ళు, గట్టు మీది పొదలకి తగలకుండా. పడవలో చుక్కాని పట్టినవాడు దాన్ని గట్టుకి గుద్దుకోకుండా నీళ్ళ వైపుకి తిప్పి పట్టేవాడు. లాగేవాళ్ళ బలం ఎంతైనా, వెనక చుక్కాని పట్టినవాడు నిద్రపోతే పడవ గట్టెక్కేది. వేగం మనిషి నడక.

అలాగని పడవ రోడ్డు మీద తొందరగా వెళ్ళాల్సిన రోజు రాదని కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు పడవలు లారీలెక్కాయి. ఆ బుడమేరు చివరికి వచ్చి కలిసేది మా కొల్లేట్లోనే. మేడల మీద మనుషులు పాల ప్యాకెట్టు కోసం ఎదురుచూస్తుంటే ఏ పడవా నెమ్మదిగా రావాలని ఎవరూ అనరు. కానీ అలాంటి రోజున కూడా పడవని లారీలోకి ఎత్తి, తాళ్ళు బిగించి తీసుకెళ్ళారు. లారీ మీదున్న పడవ లారీలో భాగం. వెనక తగిలించిన పడవకి సొంత బుద్ధి ఉంటుంది.

చివరికి మావాడి పడవ కూడా అలాగే వచ్చింది. హైవే అంతా లారీలో. కలపర్రు దగ్గర హైవే దిగాక లోపలి రోడ్డుకి ఆ లారీ పట్టదు కాబట్టి, తెలిసిన కుర్రాడి ట్రాక్టరు ట్రక్కులోకి మార్చాం. పడవ ఇంజను వైపు బరువు ఎక్కువ. కుర్రాడు దాన్ని చూసి, ఎవరూ చెప్పకుండానే, ఆ కొసని ట్రాక్టరు వైపుకి తిప్పించాడు. "బరువు వెనకుంటే ట్రాక్టరు వెనకభాగం తేలిపోద్దండీ వంతెన మీద" అన్నాడు. ఆ కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. ఎడ్లబండి తోలి ఎరగడు.

మావాడు నా వైపు తిరిగి నవ్వాడు. ఆ తరవాత తన పెద్ద కారుని ట్రాక్టరు వెనక పెట్టి, నాలుగు లైట్లూ టిక్కుటిక్కుమనిపిస్తూ, ఇంకెవరూ వచ్చి పడవని గుద్దకుండా కాపలాగా నడిపాడు. గంటకి పదిహేను కిలోమీటర్లు. దారి పొడుగునా జనం ఆగి పడవని చూశారు. చిన్నపిల్లలు కొందరు ట్రక్కు వెనక పట్టుకుని వేలాడబోతే, మావాడు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"దిగండ్రా వెధవల్లారా!"

అచ్చం మా పెదనాన్న గొంతే.